గుట్ట టైము

మొన్న గురువారం ఒక మలయాళీ ఆవిడ భర్తనీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని దోహాలో మా ట్రావెల్స్ ఆఫీసుకి వచ్చింది. ఆస్ట్రియా కొండలకి ఆరు రోజుల ప్యాకేజీ. హోటలూ, రైలు పాసులూ అన్నీ మాట్లాడుకున్నాక, "కేబుల్ కారులో ఏ వైపు కూర్చుంటే బాగుంటుంది మేడం?" అని అడిగింది. నేను కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే, "ఎక్కేటప్పుడు ఎడమ వైపు. పొద్దున పూట కుడి వైపు ఎండ పిల్లల కళ్ళలో కొడుతుంది. ఎక్కే ముందే వాళ్ళని బాత్రూమ్‌కి తీసుకెళ్ళండి, మధ్య స్టేషన్‌లో ఉన్నది ఎప్పుడూ మూసే ఉంటుంది" అన్నాను. ఆవిడ సంబరపడిపోయి, "మీరు చాలాసార్లు వెళ్ళినట్టున్నారు" అంది.

నేనా కొండల మొహం ఎన్నడూ చూడలేదు. మాది నరసాపురం. మా వైపు కొండ అంటే ఇల్లు కట్టుకోడానికి లారీలో తెచ్చి పోసిన కంకర గుట్టే. నేను చెప్పినవన్నీ ఒక డ్రైవర్ చెప్పిన మాటలు. ఆయన పోయి మూడేళ్ళు దాటింది. ఆ కుటుంబం బిల్లు కట్టి వెళ్ళాక చాలాసేపు నాకు పని ముందుకి సాగలేదు.

ఆయన పేరు రాయను. రాయకపోవడానికి కారణం ఉంది. అయినా నా ఫోనులో ఉన్నది పేరు కాదు, "ఘర్రాఫా డ్రైవరన్నయ్య" అనే.

ఆయన పని చేసే విల్లా అల్ ఘర్రాఫాలో, మా ఆఫీసుకి నాలుగు వీధుల అవతల. ఎండలు ముదరగానే ఆ ఇంటివాళ్ళు రెండు నెలలు ఆస్ట్రియా వెళ్ళిపోయేవారు. ఇక్కడ చాలా ఇళ్ళకి అదే అలవాటు. వెళ్ళే నెల ముందు పాస్‌పోర్టుల కట్టకి రబ్బరు బ్యాండేసి డ్రైవర్ చేతికిచ్చి పంపేవారు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికొచ్చాడు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు, లేవమంటే లేచేలాగ. కారు తాళం మాత్రం పిడికిట్లోంచి వదల్లేదు.

"చెప్పులేసుకుని రండి, ఎవరైనా పట్టుకుపోతే నా మీదకొస్తుంది" అన్నాను తెలుగులోనే. పాస్‌పోర్టు కట్టతో పాటు ఆయన ఇచ్చిన కాగితం మీద ఫోన్ నంబరు పక్కన తెలుగులో ఏదో గీకి ఉంది మరి.

"మీరు తెలుగోళ్ళా?" అని మొహం చేటంత చేసుకున్నాడు. "మాది జగిత్యాల దిక్కు మేడం. గీ చెప్పులు ఎవడు ఎత్తుకపోతడు, నాకే బరువైతున్నయ్."

రెండోసారికి మేడం పోయి చెల్లె అయ్యాను. నేను అన్నయ్యా అనడం మొదలుపెట్టాను.

మా గోడ మీద ఒక పోస్టరుండేది. సరస్సు, దాని వెనక మంచు కొండ, ఒడ్డున హంస, హంస పక్కన నవ్వుతూ ఇద్దరు పిల్లలు. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "గీ ఫోటో తీసినోనికి బుద్ధి లేదు చెల్లె. హంస పక్కకు పిల్లలను నిలబెడ్తరా? గవి కరుస్తయ్. రొట్టె ముక్క అయిపోయిందంటే చెయ్యి గుంజుతయ్" అన్నాడు.

నేను చెవులు నిక్కబొడుచుకున్నాను. అప్పటికి ఆ డెస్కు మీద కూర్చుని ఆరు నెలలే. కస్టమర్లు అడిగేవాటికి బ్రోచరు చదివి చెప్పడం తప్ప నాకేం తెలీదు. ఆయన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి ఒక్కొక్కటీ అడిగాను. చెప్పడమంటే అలా ఇలా కాదు. కొండని గుట్ట అనేవాడు, కేబుల్ కారుని డబ్బా. "డబ్బాల ఎడమదిక్కు కూసోవాలె. నడుమ ఒకసారి ఊగుతది, గప్పుడు కిందికి చూడద్దు. పైన మంచుల జారుబండ ఉంటది, దానికి గొట్టం లెక్క రబ్బరు చక్రం ఇస్తరు, పెద్దది తీసుకుంటె తిరిగి తిరిగి పడుతరు, చిన్నదే మంచిది. జలపాతం కాడ మెట్లు మూడో మలుపు దాక ఎక్కితే సాలు, ఆడికెల్లి పైకి బట్టలు తడుస్తయ్. కింద కొట్టుల ముసలమ్మ ఐస్‌క్రీం అమ్ముతది. రెండో చెంచా అడిగితె ఇస్తది గని మొహం మాడ్చుకుంటది."

ఆ విల్లా ఇంటావిడ హోటల్ గదిలో సాంబ్రాణి వేస్తే పొగ గంట మోగి, హోటలంతా ఖాళీ చేయించి, ఫైరింజను వచ్చి, అంత గోలలోనూ వాళ్ళింటి ముసలావిడ నమాజు ఆపలేదని చెప్తే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "నవ్వేదేముంది, పిల్లలు మస్తు భయపడ్డరు" అన్నాడు.

నేను ఆ మాటలన్నీ నా మాటలుగా అమ్ముకున్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను. వెళ్ళొచ్చిన కుటుంబాలు మీరు చెప్పినట్టే ఉందని డబ్బాలకి డబ్బాలు చాక్లెట్లు తెచ్చిచ్చేవి. మా మేనేజరు ఆల్ప్స్ అంటే ఈవిడనే అడగండనేవాడు.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. నేను కొట్టిన టికెట్లు ఎనిమిది. ఇంటాయన, ఇంటావిడ, ముసలావిడ, నలుగురు పిల్లలు, వాళ్ళ ఆయా. డ్రైవర్ పేరు లేదు. ఇంటాయన ఆఫీసువాళ్ళు విడిగా తీస్తున్నారేమోలే అనుకుని ఊరుకున్నాను. అలా తీసేవాళ్ళూ ఉంటారు.

అవి వరల్డ్ కప్ కోసం దోహా అంతా తవ్వి పోసిన రోజులు. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. మెసైమీర్‌లో మా ఫ్లాట్ నుంచి ఆఫీసుకి నేను కంపెనీ వ్యానులో రోజుకో దారిన తిరిగి తిరిగి వచ్చేదాన్ని. ఆయనకైతే రోడ్ల మీద పీకల దాకా కోపం. "గుట్ట మీద తొవ్వ నాకు కండ్లు మూసుకున్నా ఎర్క చెల్లె. గీ ఘర్రాఫాల బడికి పొయ్యే తొవ్వ మాత్రం రోజు కొత్తగ నేర్చుకోవాలె" అనేవాడు.

రెండో ఏడు జూలైలో ఒక మధ్యాహ్నం పాల కోసం సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాను. బిల్లు లైనులో నా ముందు ఆయన నిలబడి ఉన్నాడు. బండిలో పిల్లులకి వేసే తిండి నాలుగు సంచులు. ఇంటివాళ్ళు వెళ్ళి అప్పటికి మూడు వారాలైంది. టికెట్లు కొట్టింది నేనే కదా.

"అన్నయ్యా, మీరు ఆస్ట్రియాలో లేరా?"

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, బండిని చూసి, మళ్ళీ నన్ను చూశాడు. నాకేం మాట్లాడాలో తోచక, "టైమెంతయింది?" అన్నాను. వాచీ చూసి, "పన్నెండైతాంది" అన్నాడు. మార్కెట్ గోడ గడియారంలో ఒంటిగంట. నేను దాని వైపు చూడటం ఆయన చూశాడు. చొక్కా చెయ్యి వాచీ మీదకి లాక్కున్నాడు.

బయట నీడన నిలబడి చెప్పాడు. ఆ ఇంట్లో పిల్లులు ఆరు, ఖర్జూరం చెట్లు పదకొండు. ఇంటివాళ్ళు ఊరెళ్తే ఇల్లు కనిపెట్టుకుని ఉండాలి. గేటు దాటి గంటకి మించి పోకూడదు. ఆయనకి సెలవంటే ఇంటివాళ్ళు లేని ఎండాకాలంలోనే దొరకాలి, ఎండాకాలంలో ఇల్లు చూసేవాడు ఇంకెవడూ లేడు. అందుకని సెలవు లేదు.

"ఇంటిదానికి మాత్రం, వీళ్ళు నన్ను గుట్టలకు తీస్కపోతున్నరని చెప్పిన చెల్లె. అందుకే రానిస్తలేరని."

"అదేంటన్నయ్యా, అబద్ధం ఎందుకు?"

"గుట్టకు తీస్కపోయిన్రు అంటె ఒక తీరుంటది. పిల్లులకు కావలి పెట్టిన్రు అంటె ఒక తీరుంటది." ఆయన సంచులు రెండు చేతుల్లోకి సర్దుకున్నాడు. "మా ఊరోళ్ళకు గదీ దుబాయే. దుబాయ్‌ల ఒక మూలకు మంచు పడ్తదట, నీ మొగుడు ఆడ తిరుగుతుండట అని దాన్ని అడుగుతరు. అది సంబురపడ్తది. బిడ్డ బడిల చెప్పుకుంటది. గది చాలదా?"

వాచీ సంగతీ అప్పుడే చెప్పాడు. ఇంటివాళ్ళు విమానం ఎక్కిన రోజు వాచీ ఒక గంట వెనక్కి తిప్పుతాడు. ఆస్ట్రియాలో ఎండాకాలం దోహాకన్నా గంట వెనక. భార్యకి ఫోన్ చేసినప్పుడు, కూతురు అక్కడ ఇప్పుడెంత బాపూ అనడిగితే తడబడకూడదు. రెండు నెలలూ ఆయన ఆ టైము మీదే లేచేవాడు, ఆ టైము మీదే తినేవాడు. చెట్లకి నీళ్ళు కూడా ఆ టైము ప్రకారమే పెట్టేవాడట. ఫోటోలు పంపమంటే, ఇంటి ఆడవాళ్ళు ఉంటారు కాబట్టి డ్రైవర్ ఫోటోలు తీయకూడదని ఇంటి రూలని చెప్పేవాడు. ఆ రూలు మాత్రం నిజమే.

"మరి ఇదంతా మీకెలా తెలుసు? హంసలు, ముసలమ్మ, మూడో మలుపు?"

"పొద్దుగాల బడికి గంట, మాపటికి గంట, నలుగురు పిల్లలు నా ఎనకాల కూసుండి చెప్పుడే చెప్పుడు. రోడ్లు తవ్వినకాడికెల్లి గంటన్నర."

అప్పుడు నాకు తట్టింది. ఆయన చెప్పిన కొండంతా నాలుగడుగుల ఎత్తు నుంచి చూసిందే. ఎక్కడ జారాలి, ఎక్కడ పాసుకి పోవాలి, ఏ చెంచాకి ఎవరు విసుక్కుంటారు. ఒక్క పెద్దమనిషి చూసేది అందులో లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంటివాళ్ళ మీదా, ఆయన మీదా, వెనక సీటు కబుర్లని పెద్ద అనుభవంలాగ అమ్ముకున్న నా మీదా. "ఇలాంటివి నాకు చెప్పకండి, నేను ఎవరికీ అబద్ధం చెప్పలేను" అన్నాను కటువుగా. "నువ్వెందుకు చెప్తవ్ చెల్లె, నిన్నెవలు అడుగుతరు?" అన్నాడు.

తర్వాత కరోనా వచ్చింది. విమానాలు లేవు, కొండలు లేవు, సెలవూ లేదు. మళ్ళీ దారులు తెరుచుకున్న ఏడు ఆ కుటుంబం అందరికన్నా ముందు పాస్‌పోర్టులు పంపింది. ఆయన ఎప్పట్లాగే తెచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఈసారి డబ్బాలో ఎంతమందిని ఎక్కనిస్తారో కనుక్కోమన్నాడు. పిల్లలు వేరే డబ్బాలో పడితే చిన్నవాడు ఏడుస్తాడట.

ఆ ఎండాకాలం చివర ఒక పొరపాటు జరిగింది. ఇంకే డ్రైవరూ చెయ్యని పొరపాటు. ఇంటివాళ్ళు తిరిగొచ్చే రోజు ఎయిర్‌పోర్టుకి ఆయన గంట ఆలస్యంగా వెళ్ళాడు. వాచీ ముందుకి తిప్పుకోవడం మరిచిపోయాడు. ముసలావిడతో సహా ఎనిమిది మందీ సామాను మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఇంటావిడ దులిపేస్తుంటే ఆయన వాచీ చూపించాడట. పెద్దపిల్ల దాన్ని చూసి, "ఇది మా కొండ టైము" అంది. ఎందుకలా పెట్టుకున్నావని కారులో నలుగురూ పీక్కుతిన్నారు. ఇంటికి చెప్పిన అబద్ధం సంగతి ఆయన ఎత్తలేకపోయాడు. మీరక్కడ ఎప్పుడేం చేస్తుంటారో తెలియాలని పెట్టుకున్నానన్నాడు. ఇంటావిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుందట. "కొలువు పోయిందనుకున్న చెల్లె" అన్నాడు నాతో.

కొలువు పోలేదు. మరుసటి ఏడు, అంటే వరల్డ్ కప్ ఏడు, పాస్‌పోర్టుల కట్ట వచ్చినప్పుడు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదోది మన నీలం పాస్‌పోర్టు, ఆయనది; పిల్లలు పట్టుబట్టారట. తెచ్చింది ఆయనే. బల్ల మీద పెట్టి వేలితో నా వైపు జరిపాడు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "వీసా ఫారం నింపుదాం రండి. ఫోటో తెచ్చారా? స్వెటరు కొనుక్కోవాలి మీరు" అని నేనే హడావిడి పడ్డాను. ఆయన కదల్లేదు.

"నాది తీసెయ్ చెల్లె. హైదరాబాద్‌కు ఒక టికెట్ కొట్టు."

"మతి పోయిందా అన్నయ్యా మీకు?"

"మేడంను అడిగిన. గుట్టకు పోతవా, ఇంటికి పోతవా, ఏదో ఒకటే అన్నది. ఆటలు షురువైనంక ఇగ ఎవలకు సెలవుండదు. పిల్లులకు వేరేటోన్ని పెడ్తున్నరు."

నాకు కోపం ఆగలేదు. ఇన్నేళ్ళు వాచీ తిప్పుకుని కూర్చున్నారు, పిల్లలు పట్టుబట్టి మీ పేరు రాయించారు, ఒక్కసారి చూసొస్తే చెప్పిన అబద్ధమైనా నిజమైపోతుంది కదా, ఇంటికి వచ్చే ఏడు వెళ్ళొచ్చు కదా అని గట్టిగానే అరిచాను. పక్క డెస్కు నేపాలీ అబ్బాయి తల తిప్పి చూశాడు.

ఆయన అంతా విన్నాడు. "గుట్ట నాకు మొత్తం ఎర్కనే చెల్లె. ఇంటి సంగతే ఎర్క లేదు. పోయినేడు కొత్త గది ఏసిన్రు. స్విచ్చు ఏ గోడకున్నదో నాకు తెల్వది."

టికెట్ కొట్టాను. ఆయన మంచి పని చేస్తున్నాడో తెలివితక్కువ పని చేస్తున్నాడో నాకు అప్పుడూ అర్థం కాలేదు. అయిదేళ్ళ తర్వాత ఇంటికి పోతున్నవాడి మీద అలా అరిచినందుకు బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

సెప్టెంబరులో తిరిగొచ్చి నువ్వుల లడ్డూలు తెచ్చిచ్చాడు. ఊరంతా జెండాలు కట్టేస్తున్నారు, మా ఆఫీసు ఎదుటి స్తంభానికీ నాలుగు దేశాలవి వేలాడుతున్నాయి. ఆయన కొంచెం తగ్గినట్టు కనిపించాడు. "వదినకి నిజం చెప్పారా?" అనడిగాను. "ఏం చెప్పాలె చెల్లె, మస్తు మాట్లాడినం" అని తాళం పిడికిట్లో అటూ ఇటూ తిప్పాడు. అది అవునో కాదో తేల్చుకోలేకపోయాను. వరల్డ్ కప్ అయ్యాక తీరిగ్గా అడుగుదాంలే అనుకున్నాను.

నెల తిరక్కుండానే కొత్త డ్రైవర్ వచ్చాడు, బంగ్లాదేశ్ అతను. ఆయా టికెట్ మార్చాలని వచ్చాడు. పాత డ్రైవరేడీ అంటే, మొన్న పొద్దున లేవలేదు, గుండె, అన్నాడు. శవాన్ని ఇండియా పంపేశారట. నాకు ఒక్క ఫోనూ రాలేదు. నేనెవరినని వస్తుంది? నేను బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

పదిహేను రోజుల తర్వాత ఆఫీసుకి ఇండియా నుంచి ఫోనొచ్చింది. టికెట్ కవరు మీద మా నంబరు చూసి చేశారు. ఆడగొంతు. పేరు చెప్పి, ఆయన ఇంటిదాన్ని అంది. నేను లేచి నిలబడ్డాను.

"వదినె, నువ్వు మంచిదానివి, అబద్ధం చెప్పవని ఆయన ఎప్పుడు అంటుండె. ఒక్క మాట అడుగుత, చెప్పు. ఆయన ఎండకాలం ఆ మంచు గుట్టలకే పోయెటోడు గద? టికెట్లు నువ్వే ఇస్తుంటివట గద?"

ఇక్కడ వారం సెలవైన ప్రతి శుక్రవారం మెసైమీర్ చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని నేను. పిల్లలకి సండే స్కూలు పాఠం చెప్పేదాన్ని. కాదని చెప్తే ఆయన పోయాక ఆయన్ని ఇంకోసారి చంపినట్టు. అవునంటే ఆవిడ్ని మోసం చేసినట్టు. అవతల ఇంకెవరిదో ఊపిరి వినిపిస్తోంది.

"అవును వదినా. ప్రతి ఏడూ నేనే ఇచ్చాను."

"అత్తా," అని వేరే గొంతు, చిన్నది. "ఆడ బాపుకు చలి పెట్టకపోయేదా?"

"స్వెటరు వేసుకునేవాడమ్మా. సరస్సు ఒడ్డున కూర్చునేవాడు. హంసలకి రొట్టె వేసేవాడు." ఒకసారి మొదలుపెట్టాక నాకు ఆగడం తెలియలేదు. డబ్బాలో ఎడమ వైపు కూర్చునేవాడనీ, కిందికి చూసేవాడు కాదనీ, అందరూ జారుతుంటే నిలబడి నవ్వేవాడనీ చెప్పాను. ఆ పిల్ల మధ్యమధ్య "ఔనా" అంటోంది. ఇంకా అడుగుతుందేమో అని భయపడుతూనే, అడిగితే బాగుండనీ అనుకున్నాను.

కాసేపటికి ఫోను చేతులు మారింది. నడిచిన చప్పుడు, తలుపు వేసిన చప్పుడు వినిపించాయి. ఆవిడ గొంతు తగ్గించింది.

"మంచిగ చెప్పినవ్ వదినె. బిడ్డ నాలుగొద్దుల నుంచి అన్నం తింటలేదు. బాపు గుట్టలకు నిజంగ పోయిండా, లేకుంటె ఆ ఇంట్లనే ఉంచిన్రా అని బడిల ఎవలో అన్నరట, గదే పట్టుకున్నది. నీ తోని చెప్పిద్దామని ఫోన్ చేసిన."

"మీకు..."

"నాకెర్కనే. వచ్చిన రెండోనాడే మొత్తం చెప్పిండు. పిల్లులు, చెట్లు, వాచీ. నేను కొట్లాడిన. రెండొద్దులు మాట్లాడలె." ఆవిడ ఆగింది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు. "వదినె, గీ మాట ఆయన్ని అడుగుడు మర్చిపోయిన. ఎండకాలం అంత పెద్ద ఇంట్ల ఒక్కడే ఉంచిన్రు గద. ఆయన పండుకునే అర్రల ఏసీ అన్న ఉండెనా?"

ఆ గది ఎక్కడుందో, దానికి కిటికీ ఉందో లేదో కూడా నాకు తెలియదు. నాలుగేళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి టీలు తాగించి కొండ మీద ప్రతి మలుపూ అడిగాను. ఆయన ఉండే చోటు గురించి ఒక్కసారీ అడగలేదు.

తెలియదు వదినా, అన్నాను.